కప్పెట్టిన గొంతు

నన్ను ఏడుపుమోదమ్మ అనీవోరు. తిట్టనుకునేరు, కాదు, అది బిరుదు. అనకాపల్లి నుంచి తుమ్మపాల దాకా ఏ ఇంట్లో మనిషి పోయినా ముందు నాకే కబురు. నేనెల్లి శవం తలదగ్గర కూకుని రాగం తీత్తే, గట్టు తగువులాడుకున్న అన్నదమ్ములు కూడా ఒకడి మెడ ఒకడు పట్టుకునీవోరు.

అందులో కిటుకేటంటే, పెద్దపెద్ద మాటలు పనికిరావు. 'మారాజా' అంటే ఒక్క కన్నూ తడవదు. ఎల్లగానే ఇంటోల్లని పక్కకి తీసి అడిగీదాన్ని. ఆయన సుట్ట ఎక్కడ దోపుకునీవోడు? కూట్లో ముందు ఏటి కలుపుకునీవోడు? పెల్లాన్ని ఏటని పిలిసీవోడు? అది పట్టుకుని, పోయినోడిని నిలదీసీదాన్ని. 'సుట్ట సూర్లోనే ఒగ్గీసి ఎల్లిపోనావేటి నాయనా' అంటే సాలు, ఎంత రాతిగుండైనా బొల్లుమనీది. ఏడవాల మరి! మనిషి పోయిన ఇంట్లో ఏడవకండా బిగుసుకుపోయిన ఆడది ఏవవుద్దో నేను సూసేను. అలాటోల్లని ముగ్గుర్ని ఏడిపించి నిలబెట్టేను. గొప్పకి సెప్పడం లేదు, పేటలో ఎవుల్నడిగినా సెప్తారు.

తరవాత మా పేట పేటంతా ప్రభువుని నమ్ముకున్నాం. బాప్తిస్మంలో మోదమ్మ తీసీసి నాకు సువార్త అని పేరెట్టేరు. మా గుడి పాదిరి ఎలియాజరు అయ్యగారు గోదావరి వైపు మనిషి, మంచోడే. ఓరోజు నన్ను నిలబెట్టి అడిగేడు.

"సువార్తమ్మా, మనవాళ్లు పోతే ప్రభువు దగ్గరికి వెళ్తారని నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నానండి."

"మరి నువ్విలా గుండెలు బాదుకుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? వీళ్లకీ ఆశ లేదనుకోరూ? ఇక ఆ ఏడుపులు మానేస్తానని మాటివ్వు. ఆ గొంతుతో కీర్తనలు పాడు."

మాటిచ్చీసేను. కానీ ఈ పాడుగొంతుకి ఏడుపురాగం తప్ప ఇంకోటి రాదే! క్రిస్మసు పాట ఎత్తుకున్నా ఎవులో పోయినట్టే ఉండీది. కుర్రపిల్లలు కిసకిస నవ్వీవోరు. సిగ్గేసి, గుడిలో ఎనకసాప మీద నోరు మూసుకుని కూకునీదాన్ని. ఒకేడు కాదు, రెండేల్లు కాదు, పన్నెండేల్లు. అదే భక్తి అనుకున్నాను.

యుద్ధం వచ్చింది. నా కూతురు కాసులమ్మ మొగుడు, దేముడనీవోడు, పట్టాళంలో కలిసి బర్మా వైపు ఎల్లేడు. ఏడాదయినా ఉత్తరం ముక్క లేదు. దానికి మిగిలిందల్లా మూడేల్ల గుంటడు, అబ్రహాం. ఆ వానాకాలంలో గుంటడికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పొద్దున్న పట్టుకుంటే మద్దేనానికి అయిపోయింది.

కాసులమ్మ ఏడవలేదు. గుంటడిని ఒల్లో ఎట్టుకుని అలాగే కూకుంది. కంట్లో సుక్క లేదు. పక్కింటి తలుపులమ్మ నా సెవిలో అంది, "ఒలప్పా, దాన్ని ఏడిపించు. నీవల్లే అవుద్ది. లేపోతే పిల్ల దక్కదు."

నాకు తెల్దేటి? గొంతు దాకా వచ్చీసింది. గుంటడి సంగతులు ఎవుల్నీ అడగక్కర్లేదు. బుగ్గన బెల్లం ముక్క ఎట్టుకుని 'లేదు, అయిపోయింది' అని అబద్ధమాడీవోడు. ఆల్ల తాత లాగ నన్ను 'ఒలే ముసలీ' అని పిలిసీవోడు. అన్నీ నా నాలిక మీదే ఉన్నాయి.

గుమ్మంలో అయ్యగారు నిలబడున్నాడు. ఇంకో సంగతి కూడా సెప్పీయాల, దాసుకుంటే ఏటి లాభం? మిషనోల్ల కింద ఊరూరా తిరిగి ఆడోల్లకి వాక్యం సెప్పే పనికి ఆయన నా పేరు రాసి పంపేడు. తెల్లసీర కట్టుకుని, సంచీ తగిలించుకుని, నాతవరం దాకా తిరగొచ్చు. నలుగురూ అమ్మగారంటారు. ఇప్పుడు నోరిప్పితే ఆ పేరు కొట్టీత్తాడని భయమేసింది. థూ, ఏం బతుకు నాది! కన్నకూతురు కల్లెదురుగా రాయైపోతంటే నేను తెల్లసీర గురించి ఆలోసించేను. కీర్తన అందుకున్నాను. సూసినోల్లంతా ఎంత విశ్వాసమో అన్నారు. గుంటడిని తీసుకెల్లి కప్పెట్టీసేరు.

ఆ రోజు నుంచి కాసులమ్మ తినమంటే తింది, లెగమంటే లెగిసింది. మాట లేదు. నాలుగోనాటికి గోడకేసి సూత్తా కూకోడం మొదలెట్టింది. ఏడోనాటికి నీల్లు తెమ్మంటే నిండిపోయిన కుండలోనే మల్లీ మల్లీ పోత్తంది. తలుపులమ్మ వచ్చి నా మీద ఇరుసుకు పడింది. "నువ్వు తల్లివేనా? పరాయోల్ల పీనుగుల మీద పడి ఏడిసేవు, సొంత మనవడికి నోరు పెగల్దేటి?"

"పని కాయితం రానీయే, తరవాత సూద్దాం" అన్నాను. ఆ మాటన్నది నేనే. ఈ నోరే.

ఆదోరం వచ్చింది. అయ్యగారు తలాంతుల కత ఎత్తుకున్నాడు. యజమాని దూరదేశం ఎల్తా ముగ్గురు నౌకర్లకి తన సొమ్ము తలాంతుల లెక్కన ఒప్పసెప్పేడు. ఇద్దరు దాంతో పని సేసేరు. మూడోవోడు భయపడి గొయ్యి తీసి కప్పెట్టీసేడు. దేవుడు మనిషికిచ్చిన నేర్పు కూడా తలాంతేనన్నాడు అయ్యగారు. "వాడు దొంగతనం చెయ్యలేదు, తాగి తగలెయ్యలేదు. భద్రంగా దాచాడు, అంతే. దాచడమే వాడి పాపం. ఎందుకు దాచాడు? భయపడి."

లెగిసి నిలబడిపోయేను.

"అయ్యగారూ, నా తలాంతు ఏటండీ?"

గుడి గుడంతా ఎనక్కి తిరిగింది. ఆయన తడబడ్డాడు. "నీకు వాక్యం చెప్పే పని వస్తోంది కదమ్మా..."

"అది మీరిచ్చింది బాబూ. ఆయనిచ్చింది ఏటి?"

నేను ఆగలేదు. ఇంటికి పరిగెత్తేను.

కాసులమ్మ అరుగు మీద బియ్యం ఏరుతంది. దాని మెడ పట్టుకుని కూలబడ్డాను. పన్నెండేల్ల తరవాత నోరిప్పేను.

"బుగ్గన బెల్లం కరక్కముందే ఎల్లిపోనావేటి నాయనా... ఒలే ముసలీ అని ఇంకెవుడు పిలుత్తాడు నాయనా... అబద్ధాలాడీ నోట్లో మన్నెట్టీసేమా నాయనా..."

గొంతు ఎక్కడికీ పోలేదు. అంతా అక్కడే ఉంది. పేటంతా వచ్చీసింది. తలుపులమ్మ నేలమీద పడి దొర్లింది. నన్ను ఆపడానికని పరిగెత్తుకొచ్చిన అయ్యగారు గుమ్మం దగ్గరే సతికిలపడి, కండువా నోట్లో కుక్కుకుని ఎక్కెక్కి ఏడిసేడు. ఆయనకీ ఎవులో పోయేరు గావాల, ఎప్పుడూ సెప్పలేదు. నా బతుకులో అంత బాగా ఎప్పుడూ ఏడవలేదు.

కాసులమ్మ ఒక్కర్తే ఏడవలేదు. నా సేతులు మెడమీంచి మెల్లిగా తీసింది. కొంగుతో నా మొకం తుడిసింది. తొమ్మిది రోజుల తరవాత దాని నోట మాట వచ్చింది.

"ఎవులు పోనారే అమ్మా?"

గుంటడి పేరు సెప్పేను. దానికి అందలేదేమోనని మల్లీ సెప్పేను. అది గబుక్కున నా నోటిమీద సెయ్యెట్టింది. ఇంట్లోకి తొంగిసూసి, గొంతు తగ్గించి అంది.

"మెల్లిగా ఏడవే. ఇప్పుడే పడుకున్నాడు, లెగుత్తాడు."

నోరు మూసుకున్నాను.