బ్రేకు వేస్తే పాట

టైలరమ్మ బండి బ్రేకు వేసినప్పుడల్లా పాడుతోంది.

నిజానికి అది బండి వెనక్కి వెళ్ళేటప్పుడు పాడాల్సిన పాట. రివర్స్ గేరు వేస్తే వెనక చక్రం పక్కన బిగించిన చిన్న పెట్టెలోంచి టింగు టింగుమంటూ జోలపాట లాంటిది వస్తుంది, వెనకున్నవాళ్ళు తప్పుకుంటారు. కాని నాలుగు రోజులుగా, ముందుకి వెళ్తూ బ్రేకు మీద కాలు పెట్టినా అదే పాట, జలుబు చేసిన గొంతుతో. ఎర్రగా వెలగాల్సిన బ్రేకు దీపాలేమో ఆరిపోతున్న బొగ్గుల్లా గుడ్డిగా ఉన్నాయి. ఎడమ ఇండికేటరు వేస్తే కుడివైపుది కూడా మెల్లగా కన్ను కొడుతోంది.

వీధిలో అందరూ నవ్వుకున్నారు. టైలరమ్మకి మాత్రం నవ్వు రాలేదు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బండికి తనిఖీ ఉంది. అందులో ముద్ర పడితేనే బండిని దుకాణంగా రోడ్డెక్కించొచ్చు. రేపు తప్పితే మళ్ళీ వంతు రెండు నెలలకి. స్కూళ్ళు తెరిచేది మూడు వారాల్లో. పిల్లల నిక్కర్లకి పొడుగు విప్పడం, గౌన్లకి నడుం వదులు చెయ్యడం, ఊడిన గుండీలు కుట్టడం, ఏడాదికి సరిపడా పనంతా ఆ మూడు వారాల్లోనే వస్తుంది. దానికోసమే ఆమె పదేళ్ళు కుట్టిన గదిని ఖాళీ చేసి, మిషనుని తెచ్చి బండి నేలకి బోల్టులతో బిగించేసింది. ఇప్పుడు బండి కదలకపోతే దుకాణం లేనట్టే.

బండి పాత వ్యాను, ముగ్గురి చేతులు మారి వచ్చింది. మొదటాయన అందులో ఏం మోశాడో తెలీదు గాని, నేలంతా సొట్టలు. రెండో ఆయన ఒరిజినల్ ఇనప దీపాలు తీసేసి మెరిసే ప్లాస్టిక్ దీపాలు పెట్టించాడు. మూడో ఆయనకి హారన్ల పిచ్చి. ఇక టైలరమ్మ ఇంటికొచ్చాక ఎవరి ముచ్చట వాళ్ళు తీర్చుకున్నారు. అత్తగారు తన ఉక్కపోతకి ముందు సీటు దగ్గర చిన్న ఫ్యాను పెట్టించుకుంది, పాట పెట్టె కూడా ఆవిడ ఎంచుకున్నదే. ఆఖరున, ఈ వారం మొదట్లో, బోర్డులు రాసే టైలరమ్మ అన్నయ్య బండంతా విప్పి, తుప్పు గీకి, ఆకుపచ్చ రంగు వేశాడు. రెండువైపులా తెల్లగా ‘మీ గుమ్మం ముందే కుట్టు’ అని రాసి, రాత సాయంత్రంపూట కనిపించాలని పైన నీలం దీపాల పట్టీ ఒకటి అంటించాడు.

“ఇన్ని తగిలిస్తే బండి పాడక ఏం చేస్తుంది అక్కా? దాని నెత్తిన మీరు పెళ్ళిపందిరి వేశారు,” అన్నాడు ఎలక్ట్రీషియను, బానెట్ ఎత్తి లోపలికి చూస్తూ. అతను టెస్టు లైటు ఎప్పుడూ చెవి మీద పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి అందరూ టెస్టర్ అంటారు.

“తగిలించింది నువ్వే కదయ్యా,” అంది అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని.

“మీరు చెప్తే తగిలించాను పెద్దమ్మా. మనసులో వద్దనే అనుకున్నాను.”

“మనసులో అనుకున్నది బిల్లులో కనపడలేదే.”

మధ్యాహ్నం రెండింటికి పని మొదలైంది. టెస్టర్ బ్యాటరీ చూశాడు, బాగుంది. ఫ్యూజులన్నీ తీసి వెలుతురుకి పట్టి చూశాడు, ఒక్కటీ మాడలేదు. టెస్టు లైటు క్లిప్పుని బ్యాటరీకి తగిలించి, మొనతో వెనక దీపాల దగ్గరికి వచ్చే వైర్లు ఒక్కొక్కటీ తాకాడు. టైలరమ్మ లోపల కూర్చుని, అతను చెప్పినప్పుడల్లా బ్రేకు తొక్కింది. తాకిన చోటల్లా లైటు నిక్షేపంలా వెలిగింది.

“కరెంటు పూర్తిగా వస్తోంది. ఎక్కడా లోటు లేదు. అంటే మనం కొత్తగా పెట్టినవాటిలోనే ఏదో కలిసిపోయింది. ఒక్కొక్కటీ పీకాల్సిందే,” అన్నాడు టెస్టర్.

అన్నయ్య అంతసేపూ గోడకి ఆనుకుని వింటున్నాడు. “ముందు ఆ ఫ్యాను తియ్యి. నా పట్టీ తిన్నగా ఉంది,” అన్నాడు.

“నీ పట్టీ తియ్యమను బాబూ ముందు. నా ఫ్యాను నీ పట్టీ జోలికి రాలేదు,” అంది అత్తగారు.

“అత్తయ్యగారూ, ఫ్యాను లేకపోతే విసనకర్ర ఉంది. రాత కనపడకపోతే ఏముంది?”

“పగలు కనపడుతుంది.”

టైలరమ్మ రెండూ తీయించింది. బ్రేకు తొక్కింది. బండి పాడింది.

మిగిలింది పాట పెట్టె. టెస్టర్ దానివైపు చూశాడు గాని చెయ్యి పెట్టలేదు, అత్తగారివైపు చూశాడు. ఆ పాట అంటే ఆవిడకి ఎంత ఇష్టమో అతనికి తెలుసు. మోకాళ్ళ నొప్పితో ఆవిడ వీధి చివరిదాకా వెళ్ళలేదు. సాయంత్రం బండి వెనక్కి తిరిగి సందులోకి వస్తుంటే ఆ పాట విని, కోడలు వచ్చేసిందని లేచి టీకి నీళ్ళు పెట్టేది. వారం రోజులే జరిగింది గాని, ముప్ఫై ఏళ్ళ అలవాటులా మాట్లాడేది దాని గురించి.

“దాన్ని తీస్తే నేను మీ బండి ఎక్కను,” అంది ముందు. తర్వాత టైలరమ్మ ముఖంలోకి చూసింది. కోడలు స్టీరింగు మీద పడిన దారప్పోగు ఒకటి ఏరుతోంది. అత్తగారు చెంగు సర్దుకుంది. “తియ్యవయ్యా. అమ్మాయి పనికన్నా పాటా?”

పెట్టె తీశాక టైలరమ్మ బ్రేకు తొక్కింది. పాట రాలేదు. టెస్టర్ చేతులు దులుపుకుని, “చెప్పానా,” అంటూ వెనక్కి వెళ్ళి చూసి ఆగిపోయాడు. దీపాలు అలాగే గుడ్డిగా ఉన్నాయి. ఇండికేటర్లు రెండూ అలాగే కన్ను కొడుతున్నాయి.

“నా పాట పోయింది, దీపాల ఏడుపు పోలేదు,” అంది అత్తగారు.

అప్పటికి నాలుగున్నర. టెస్టర్ ఇక వైర్లన్నీ కొత్తవి వెయ్యాలన్నాడు, దానికి రెండు రోజులు పడుతుందన్నాడు. ఆ మాట విని టైలరమ్మ దిగి బండి వెనకభాగంలోకి వెళ్ళి తన మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆమె చెయ్యి దానంతటదే మిషను చక్రం మీదికి వెళ్తుంది. ఒక గుడ్డముక్క పెట్టి ఊరికే నాలుగు కుట్లు వేసింది. గుడ్డ తిప్పి చూసింది. బండి గతుకుల్లో ఊగి ఊగి మిషను పట్టు తప్పింది కాబోలు, గుడ్డ అడుగున దారం ఉండలు కట్టి ఉంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళయితే అడుగున ఉండలు కనిపించాయని అడుగుదారం ఉండే బాబిన్ విప్పుతారు. ఆమె కూడా మొదట్లో అదే చేసి, ఒక వారమంతా బాబిన్ని విప్పుతూ బిగిస్తూ గడిపింది. తప్పు పైదారంలో ఉంటుంది. పైదారం వదులైతే అది అడుగున కనిపిస్తుంది. ఇప్పుడూ పైన మర ఒక చుట్టు తిప్పింది, ఉండలు పోయాయి.

ఆమె గుడ్డ చేత్తో పట్టుకునే టెస్టర్‌ని పిలిచింది.

“తమ్ముడూ, బల్బుకి ఎన్ని దారాలుంటాయి?”

“దారాలా?”

“వైర్లు.”

“రెండక్కా. కరెంటు వచ్చేది ఒకటి, తిరిగి పోయేది ఒకటి. పోయేదాన్ని ఎర్తంటాం, బండి ఒంటికి బిగిస్తాం.”

“ఇంతసేపూ నువ్వు వచ్చేదే చూశావు. పోయేదాన్ని చూశావా?”

టెస్టర్ నొచ్చుకున్నాడు. “ఎందుకు చూడనక్కా, ఎర్త్ బోల్టు రాయిలా బిగిసి ఉంది. కావాలంటే చూడండి.” ఎడమ దీపం పక్క మూత తీసి చూపించాడు. బోల్టు నిజంగానే బిగిసి, మెరుస్తూ ఉంది. రెండు దీపాలకీ అదొక్కటే ఎర్తు. పాత ఇనప దీపాలయితే వాటి ఒళ్ళే బండికి ఆనుకుని ఉండేది, ఈ ప్లాస్టిక్‌వాటికి ఆ సాయం లేదు.

“ఆ బోల్టుని వదిలేసి, పోయేదానికి ఒక పొడుగు వైరు నేరుగా బ్యాటరీదాకా పెట్టి చూద్దూ.”

నమ్మకం లేకపోయినా పెట్టాడు. అత్తగారు డ్రైవరు సీట్లోకి ఎక్కలేక, తలుపు దగ్గర నిలబడి చేతికర్రతోనే బ్రేకు నొక్కింది. వెనక గోడ మీద రెండు ఎర్రటి మచ్చలు పడ్డాయి. ఎండలో కూడా కనిపించాయి.

టెస్టర్ స్పానరు తీసి బోల్టు విప్పాడు. వైరు చివరి చుట్టు కింద, ఇనుము ఉండాల్సిన చోట, అద్దంలా నున్నగా ఆకుపచ్చ రంగు ఉంది.

అందరూ అన్నయ్యవైపు తిరిగారు.

“ఇక్కడ కూడా వేశావా అన్నయ్యా? దీపం వెనకాల ఎవరు చూస్తారని?” అడిగింది టైలరమ్మ.

“ఎవరూ చూడని చోట వదిలెయ్యడం నాకు రాదు చెల్లెమ్మా,” అన్నాడతను నేల చూపులు చూస్తూ. “రెండు పూతలు ప్రైమరు, మూడు పూతలు రంగు. అక్కడ తుప్పు కొంచెం ఎక్కువుందని నాలుగోది కూడా వేశాను.”

టెస్టర్ ముందు నవ్వాపుకుందామని చూశాడు, ఆగలేదు. “కరెంటు ఇంటికెళ్ళే తలుపుకి నువ్వు నాలుగు తాళాలు వేశావన్నా. అది పాపం పక్కిళ్ళ గోడలన్నీ దూకి పోయింది. పాట పెట్టె గోడ దూకినప్పుడు పాట వచ్చింది, ఇండికేటరు గోడ దూకినప్పుడు అది కన్ను కొట్టింది.”

“అయితే నా పెట్టె ఏ పాపం ఎరగదు,” అంది అత్తగారు.

“ఎరగదు పెద్దమ్మా.”

“మళ్ళీ బిగించు మరి. దానికి బిల్లు వెయ్యకు.”

రంగు గీకడానికి టెస్టర్ గరుకు కాగితం తీస్తే అన్నయ్య దాన్ని అతని చేతిలోంచి లాక్కున్నాడు. తను వేసిన రంగు తనే తీస్తానన్నాడు. రూపాయి బిళ్ళంత మేర, అంచు చెదరకుండా, ఇనుము తెల్లగా తేలేవరకు రుద్దాడు. బోల్టు బిగించాక సన్న కుంచె తెచ్చి దాని చుట్టూ తెల్లటి గీత గీశాడు. గీత పక్కన చీమ తలంత అక్షరాలతో, బోర్డు మీద రాసినంత శ్రద్ధగా, ‘ఇక్కడ రంగు వేయరాదు’ అని రాశాడు. తర్వాత మూత పెట్టేశారు.

మర్నాడు తనిఖీ ఆయన కాగితం చూసుకుంటూ బ్రేకు తొక్కమన్నాడు, ఎడమ ఇండికేటరు అన్నాడు, కుడిది అన్నాడు. ఏది అడిగితే అదే వెలిగింది. రివర్స్ వెయ్యమన్నప్పుడు పాట వచ్చింది, జలుబు లేకుండా.

“ఇదేంటమ్మా?” అన్నాడాయన.

“మా అత్తయ్య పెట్టించారండీ.”

ఆయన ఏదో రాయబోయి, రాయకుండా ముద్ర వేసి ఇచ్చాడు.

తిరిగొచ్చేసరికి పదకొండయింది. టైలరమ్మ సందు మొదట్లో బండి తిప్పి, రివర్స్ గేరు వేసి, ఇంటిదాకా వెనక్కే వచ్చింది. గుమ్మం ముందు బ్రేకు వేసి ఒక్క క్షణం చెవి పెట్టి విన్నది. ఏ పాటా లేదు. ఇంట్లో పొయ్యి వెలిగించిన చప్పుడొక్కటే వినిపించింది.