ఊదా మరక

సముద్రం వెనక్కి తగ్గితే గాని ఆ ఊట బయటపడదు. నల్లరాతి నెర్రెల్లోంచి మంచినీళ్లు చల్లగా ఉబికి వస్తాయి. పోటు ఎక్కిందంటే మళ్లీ అంతా ఉప్పే. అందుకే అకెనేసే బతుకు గడియారం చూసి నడవలేదు, సముద్రాన్ని చూసి నడిచింది. ఆ శుక్రవారం కూడా తెల్లవారగానే నడుముకు చుట్టిన లావాలావా గుడ్డ మోకాళ్ల పైకి దోపుకుని, ఊట గట్టున చతికిలబడి, బార్ సబ్బుతో బలిపీఠం గుడ్డను రుద్దుతోంది. రుద్దిన చోటే రుద్దుతోంది.

ఆవిడ చేతులు చూడాలి. వేళ్ల చివర్ల చర్మం నాని, ముడతలు పడి, ఎండినా మళ్లీ సాఫీ కావడం మానేసింది. గోళ్లు అరిగిపోయి వేలి కండలోకి దిగాయి. కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారింది. కళ్ల మీద పలచని పొర ఒకటి ఏడాదిగా కమ్ముకొస్తోంది. ఆ సంగతి ఆవిడకూ, తమ్ముడి పెళ్లాం తెలెసియాకూ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.

అకెనేసే ఊరి బట్టలు ఉతకదు. చర్చి బట్టలే ఉతుకుతుంది. మేనత్త చేసిన పని, మేనత్త మంచాన పడ్డాక ఆవిడ చేతికొచ్చింది. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదంటే ఎవరూ అడగలేదు, అంతే. దాని వెనక పెద్ద కథేం లేదు. ఫాదరుగారి అంగీలు, పూజపాత్ర తుడిచే చిన్న గుడ్డలు, పీఠం మీద పరిచే పొడుగు గుడ్డలు, ఇవే ఆవిడ సంసారం. పాత్ర తుడిచిన గుడ్డల తొలినీళ్లు ఊటలో కలపకూడదు, ఎవరూ తొక్కని మట్టిలో పోయాలి. ఆ నీళ్లన్నీ చర్చి వెనక దేవగన్నేరు మొదట్లో పోస్తుంది. ఆ చెట్టు ఊళ్లో అన్నిటికంటే ఏపుగా ఉందంటే ఉండదూ మరి!

ఆ చెట్టు దగ్గరే మొన్న గుట్టు బయటపడింది. తపస్సు కాలం చివరి రెండు వారాలు చర్చిలో స్వరూపాలకు ఊదా గుడ్డ కప్పుతారు. ఈసారి పాతవి చిరిగాయని ఆడవాళ్ల సంఘం రాజధాని ఆపియాలో కొత్త గుడ్డ కొనిపించింది. సంఘం పెద్ద మకెలితా ఆ ఊదా గుడ్డల్నీ, ఈస్టర్ నాటి తెల్ల పీఠం గుడ్డనీ ఒకే మూటగా కట్టి పంపింది. అకెనేసే తడిమి చూసి విడదీశాననుకుంది. ఒక ఊదా ముక్క తెల్లదాని మడతలో ఉండిపోయింది. అలాగే రాత్రి తొట్టిలో నానేసింది. మర్నాడు తొట్టి ఎత్తి తొలినీళ్లు చెట్టుకు పోస్తుంటే తెలెసియా కేకేసింది.

"వదినా! ఆ నీళ్లేంటి సిరాలా ఉన్నాయి?"

అప్పుడు గాని తెలియలేదు. అంచు మీద సీమపనస ఆకంత మరక. నిమ్మరసం పిండింది, సబ్బు పట్టించి నల్లరాళ్ల మీద ఎండకు పరిచింది, మళ్లీ ఉతికింది. రంగు వెలిసింది గాని పోలేదు.

ఇప్పుడు తెలెసియా కోకో గ్లాసు తెచ్చి గట్టున పెట్టి పక్కన కూర్చుంది.

"ఇంకెంతసేపు రుద్దుతావు? మరక పోదు గాని గుడ్డ పోద్ది."

"పోనీవే. రెండూ పోతే పేచీ ఉండదు."

"మకెలితాకి చెప్పావా?"

అకెనేసే సబ్బు అక్కడ పెట్టి గ్లాసు అందుకుంది. "చెబితే ఏమవుద్దో నీకు తెలీదా?"

తెలియకేం. మకెలితా కోడలు కాపురానికొస్తూ బట్టలుతికే మిషను తెచ్చుకుంది. అప్పట్నించీ మకెలితా నోట ఒకటే మాట, అక్కా ఇక విశ్రాంతి తీసుకో అని. విశ్రాంతి అంటే ఏమిటో అకెనేసేకి బాగా తెలుసు. మేనత్త తీసుకుంది, గోడవైపు తిరిగి. ఈ పని కూడా పోతే పొద్దున్నే లేచి సముద్రం తగ్గిందా లేదా అని చూడాల్సిన అవసరం ఆవిడకు ఉండదు.

"రంగు దిగే గుడ్డ అంటగట్టాడని షాపువాడి మీదికి తోసెయ్ వదినా. అబద్ధం కూడా కాదు, సగం నిజమే."

"సగమే కదా," అంది అకెనేసే. కోకో తాగి మళ్లీ సబ్బు తీసుకుంది.

ఇది చాలదన్నట్టు ఆ సాయంత్రం కీర్తన గురించి మాట్లాడే వంతు ఆవిడదే. తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం ఉపదేశి సెతెఫానో ఫాలేలో, ఆ గోడల్లేని స్తంభాల ఇంట్లో, ప్రార్థన జరుగుతుంది, ఒక్కొక్కరు లేచి నాలుగు మాటలు చెప్పాలి. విభూది బుధవారం నాడే సెతెఫానో ఆవిడ పేరు చదివాడు.

"నాకెందుకయ్యా? నేను ప్రార్థనలో నిద్రపోయే మనిషిని."

"అందుకే ఇచ్చానమ్మా. ఆ ఒక్క రోజైనా మేలుకుంటావని."

ఫాలే అంతా గొల్లున నవ్వింది. నిజమే, స్తంభానికి ఆనుకుంటే చాలు, ఆవిడకు రెప్ప వాలిపోయేది.

తప్పు చేసిన రాజొకడు నన్ను కడుగు, మంచు కంటే తెల్లగా చెయ్యి అని దేవుణ్ణి బతిమాలుకునే కీర్తన అది. ఇన్ని వారాలుగా అది ఆవిడ తలలో తిరుగుతూనే ఉంది. మంచు అంటే ఆవిడ ఎరిగింది కొట్లో చేపల పెట్టెకు పట్టేదే. వేలు పెడితే అంటుకుంటుంది. అందులో తెలుపేముందో ఆవిడకు అర్థం కాలేదు. ఉతకడం మాత్రం అర్థమైంది.

పోటు ఎక్కేలోగా గుడ్డ పిండి, ఎత్తుగా ఉన్న నల్లరాళ్ల మీద పరిచి, నాలుగు మూలలా రాయి పెట్టింది. తొట్టి చంకన పెట్టుకుని ఊళ్లోకి ఎక్కుతుంటే దారి మధ్యలో ఊపిరి అందలేదు. ఎడమ చెయ్యి బరువెక్కింది. చర్చి ప్రహరీ మీద కూలబడింది. అలాంటప్పుడే కదా మకెలితా ఎదురవ్వాలి! గొడుగేసుకుని, పువ్వు పెట్టుకుని రానే వచ్చింది.

"ఏం అకెనేసక్కా, ఈస్టర్ గుడ్డ తళతళలాడుతోందా?"

"ఆరుతోంది," అంది అకెనేసే.

"నీ మొహం అలా పాలిపోయిందేంటి? ఉపవాసం మరీ ఎక్కువ చేస్తున్నావా? నీ వయసుకు దేవుడు అడగడక్కా."

మకెలితా వెళ్లిపోయింది. అకెనేసే అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు. ఇంటికెళ్లి ఉడికిన సీమపనస ముక్క, డబ్బా చేప ముందు పెట్టుకుంది గాని సగం కూడా మింగుడుపడలేదు. మిగిలింది కోళ్లకు వేసింది.

పొద్దు వాలుతుండగా చర్చి గంట మోగింది. ఫాలేలో చాపలు పరిచారు. అకెనేసే ఎప్పుడూ ఆనుకునే స్తంభం దగ్గరే కూర్చుంది. సెతెఫానో కీర్తన చదివి ఆవిడవైపు చూశాడు. లేచి నిలబడ్డానికి తెలెసియా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

"నాకు మాట్లాడ్డం రాదు," అంది అకెనేసే. "ఆ రాజు కడగమన్నాడు. అడగటం తేలికే. ఉతికేవాళ్లకి నడుం పడిపోద్ది. ఈసారి నాకు దేవుడి మీద జాలేసింది. ఏటేటా అదే మురికి పట్టుకుని ఆయన దగ్గరికే పోతాం. ఆయన మళ్లీ తొట్టి నింపుకుంటాడు. విసుక్కోడంటారు, సరే. అలిసిపోడా?"

ఆవిడ స్తంభం పట్టుకుంది.

"నేనైతే అలిసిపోయాను. కళ్లు కనపట్టంలా. ఈస్టర్ గుడ్డకి ఊదా రంగు అంటించింది నేనే. షాపువాడు కాదు. మడత విప్పి చూసుకోవాల్సింది, చూసుకోలేదు. ఇందాక మకెలితా అడిగితే దాచాను. ఎంత ఉతికినా పోలేదు. మరక పోలేదని నేనెప్పుడూ ఏ గుడ్డా పారెయ్యలేదు. మరకవైపు వెనక్కి తిప్పి పరుచుకోండి, ఎవరికీ కనపడదు. అంతే."

అందరి కళ్లూ మకెలితా మీదికి తిరిగాయి. మకెలితా విసనకర్ర విసరడం ఆపింది.

"ఇప్పుడా చెప్పడం, పండగ నెత్తిమీదికొచ్చాక?" అంది. విసనకర్ర ఒళ్లో పెట్టుకుని, "కళ్ల సంగతన్నా చెప్పొద్దా? మేమేం పరాయివాళ్లమా?" అంది. చివరికి తనే తేల్చేసింది, "రేపట్నించి మా కోడలు ఊటకొస్తుంది. మిషను ఇంట్లో బట్టలకి చాలు. నువ్వు గట్టున కూచుని దాన్ని తిట్టు. నీ పని అదే."

"తిట్టడం రావాలిగా నాకు," అంది అకెనేసే.

"నేను నేర్పిస్తాలే."

ఫాలే నవ్వింది. అకెనేసే "హమ్మయ్య" అని పైకే అని, మెల్లగా కూర్చుని, వీపు స్తంభానికి ఆన్చింది. పాట ఎత్తుకున్నారు. రెండో చరణానికల్లా ఆవిడ తల పక్కకు వాలింది. ఆడవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. సెతెఫానో కూడా నవ్వాపుకుని, గొంతు తగ్గించమని చేత్తో సైగ చేశాడు. నిద్రపోనిద్దామని అందరూ మెత్తగా పాడారు. ముఖం మీద వాలిన ఈగను మకెలితా విసనకర్రతో తోలింది.

ప్రార్థన అయ్యాక తెలెసియా వంగి భుజం తట్టింది. "లే వదినా, ఇంటికెళ్దాం." మళ్లీ తట్టింది. తర్వాత అకెనేసే చల్లబడ్డ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, అక్కడే చాప మీద కూలబడిపోయింది.

రాళ్ల మీది గుడ్డ గుర్తొచ్చి మర్నాడు మకెలితా కోడలు వెళ్లి తెచ్చింది. ఎవరూ దాన్ని మళ్లీ ఉతకలేదు. ఈస్టర్ పొద్దున్నే మకెలితా ఒక్కతే చర్చిలోకి వెళ్లి, అకెనేసే చెప్పినట్టే మరకవైపు వెనక్కి తిప్పి పరిచింది. నాలుగడుగులు వెనక్కి నడిచి చూసింది. మళ్లీ వెళ్లి, గుడ్డ తీసి, ఇటు తిప్పి పరిచింది. జనం వచ్చి కూర్చునేసరికి బలిపీఠానికి ముందువైపు, తెల్లటి అంచు మీద, సీమపనస ఆకంత ఊదా మరక.