వెనక్కి వచ్చిన ఆవు

ఆదివారం పదింటికల్లా నేలిదా పెరట్లో కట్టెలు రాజేసేది. మంట మీద ఎన్నడూ మాంసం పెట్టదు. కట్టెలు కాలి కణకణలాడే నిప్పులయ్యాక, వాటిని పారతో ఇనుప చువ్వల కిందికి లాగి, పైన పక్కటెముకలు పరిచి, రెండు గంటలు అక్కడే కూర్చునేది. తాక్వరెంబో జిల్లా మొత్తంలో ఆమెలా మాంసం కాల్చేవాళ్లు లేరంటాడు ఎదురింటి వాషింగ్టన్. ముప్పై ఏళ్లు పశువుల లారీ నడిపినవాడు, తిండి విషయంలో అబద్ధమాడడు. ఆ వారం మాంసం తెచ్చింది అతనే.

"కిలో ఐదువందల పెసోలట. ఇంకొన్నాళ్లకి ఎముకలు అద్దెకిచ్చి, చప్పరించి తిరిగి ఇమ్మంటారు," అన్నాడు.

"మరి నువ్వెలా కొన్నావ్?" అంది పక్కింటి రాకెల్ టీచరు.

"సగం ధరకే. ఎగుమతికి పోయిన ముసలి ఆవుల్ని ఫ్యాక్టరీవాళ్లు తిప్పి పంపారు. కొత్త రూలొచ్చిందిగా. త్రేన్పుల్లో వచ్చే మీథేన్ గ్యాసు తగ్గించే మేత తిన్నట్టు చెవికి బిళ్ల ఉంటేనే సముద్రం అవతలివాళ్లు కొంటారట. లేనివన్నీ మన ఊరి కబేళాకే వచ్చాయి."

"ఆవు త్రేన్చినా లెక్కేనన్నమాట."

"నీ త్రేన్పులు లెక్కలోకి రావులే టీచరమ్మా, నిశ్చింతగా తిను."

"నవ్వకు. పోయిన వేసవిలో వాగు అడుగంటింది, నువ్వూ చూశావుగా. కారణాల్లో ఇదీ ఒకటంటున్నారు," అంది రాకెల్. వాషింగ్టన్ నవ్వు ఆపి గ్లాసులు సర్దాడు.

ఆ ప్రాంతపు పశువుల మాంసం రెండు ముక్కలు నమిలేసరికి, ఆ ఆవు బతికుండగా ఎప్పుడో చూసింది తినేవాళ్ల కళ్ల ముందుకొస్తుంది. చాలావరకు గడ్డి, వాన, కంచె, అంతే. దూడ పుట్టిన ఘడియ దొరికితే పిల్లలు సంబరపడతారు. దాచుకోవాల్సింది ఉన్నవాళ్లు మాత్రం తమ పశువుల్ని ఎగుమతికే అమ్ముతారు. దూరదేశంలో తినేవాళ్లకి ఆ మనుషులెవరో తెలియదు గనక.

ఉబాల్దో తన నలభై ఆవుల్నీ అలాగే అమ్మాడు. అతని భార్య ఒలిందా, నేలిదాకి సొంత అక్క. పోయిన ఆగస్టులో, అక్కడి చలికాలంలో, ఒక పొద్దున కంచె దగ్గర గుండె ఆగి చనిపోయింది. తను నీళ్ల మోటారు దగ్గర ఉన్నాననీ, ఏమీ వినపడలేదనీ అతను అందరికీ చెప్పాడు. పొలంలో ఒక్కడూ ఎలా ఉంటాడని నేలిదా తన వెనక గది ఖాళీ చేయించింది. ఈ ఆదివారం మధ్యాహ్నమే అతను రెండు పెట్టెలతో దిగాడు.

"రా బావా. మొదటి ఎముక నీకే ఉంచాను."

నలుగురూ తినడం మొదలుపెట్టారు. కాసేపటికి ఒకరి తర్వాత ఒకరు నమలడం మానేశారు.

మంచు పట్టిన గడ్డి. కంచె గుంజ పట్టుకుని ఒలిందా మోకాళ్ల మీదికి జారుతోంది. ఒక చెయ్యి ఆవు మెడ మీద వేసింది. "ఉబాల్దో," అని పిలిచింది. ఆవు ఇంటివైపు తల తిప్పింది. గడపలో ఉబాల్దో నిలబడి ఇటే చూస్తున్నాడు. "ఉబాల్దో," అని మళ్ళీ పిలిచింది. అతను లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

కొవ్వు బొట్లు నిప్పుల మీద పడి చుయ్యిమంటున్నాయి. వాషింగ్టన్ తన చేతుల వంక చూసుకుంటున్నాడు. రాకెల్ కళ్లు తుడుచుకుంది.

"ఆ పొద్దున గొడవపడ్డాం," అన్నాడు ఉబాల్దో. "ఆవుల్ని అమ్మేద్దామంది. నేను ఒప్పుకోలేదు. మళ్ళీ అదే చెప్పడానికి పిలుస్తోందనుకున్నాను."

నేలిదా కత్తి పళ్లెంలో పెట్టింది. "రెండుసార్లు పిలిచింది."

అతను ఊరుకుంటే మిగతాది ఎవరికీ తెలిసేది కాదు.

"మూడు," అన్నాడు. "తలుపేసుకున్నాక ఇంకోసారి."

లేచి పెట్టెలు చేతికి తీసుకున్నాడు. నేలిదా అతని వెనకే గేటు దాకా వచ్చింది. పొలం ఇంటిని అప్పటికే చెట్లు పెంచే కంపెనీకి ఇచ్చేశాడని ఆమెకి తెలుసు.

"ఎక్కడికి పోతావు? గది నీదే. మా అక్క నిన్ను వీధిలో వదలనిచ్చేది కాదు," అంది. "కానీ బావా, నీతో నేను మాట్లాడలేను. నా వల్ల కాదు," అంది.

అతను పెట్టెలు కింద పెట్టాడు.

ఆరేళ్లు ఆ వెనక గదిలో ఉన్నాడు. మాంసం మళ్ళీ ముట్టలేదు. నేలిదా అతనికి వండింది, జ్వరమొస్తే మందులు తెచ్చింది, చలికాలానికి స్వెట్టర్ అల్లింది. మాట మాత్రం లేదు. అన్నానికి రమ్మనడానికి గరిటెతో గిన్నె మీద ఒకసారి కొట్టేది. చెప్పులు లేకుండా, కొన్నిసార్లు సగం గీసిన గడ్డం మీద సబ్బు నురగతోనే, అతను పరుగున వచ్చేసేవాడు. ఆ ఆరేళ్లలో ఆమె రెండోసారి కొట్టాల్సి రాలేదు.