గుండీల డబ్బాలో పాట పొట్టు

కోటుకి నాలుగు గుండీలు. రోజుకి అరవై తెల్లకోట్లు. ఆసుపత్రి వాళ్ళ కోట్లు కుట్టే ఆ కార్ఖానాలో కాజాలు తీసేదీ, గుండీలు కుట్టేదీ ఆవిడే కాబట్టి అందరూ ఆవిణ్ణి గుండీలమ్మ అనేవారు. అసలు పేరు జీతం కాగితం మీద ఉండేది, అంతే.

పొద్దున్నే వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, సూదిలో దారం ఎక్కించి, చెవుల్లో పాట వినే ఇయర్‌ఫోన్ గింజలు రెండూ పెట్టుకునేది. జేబులో అగ్గిపెట్టెంత ఎంపీత్రీ ప్లేయరు. దాని మూత ఎప్పుడో ఊడిపోతే తెల్లదారం చుట్టి కట్టింది. అందులో ఉన్నది ఒక్కటే పాట. పాడింది ఆవిడ చెల్లెలు.

"ఇంకా ఆ డొక్కుదేంటి గుండీలమ్మా?" అనేవాడు పక్క బల్ల మీద ఇస్త్రీ చేసే ముసలాయన. ఆయన్ని కార్ఖానా అంతా బాబాయ్ అనే పిలిచేది. "ఫోన్లో లక్ష పాటలొస్తాయి. ఎంపీత్రీ అంటే మా మనవరాలు నవ్వుతోంది, తాతా అదేమైనా మందుబిళ్ళా అని."

"లక్ష పాటలు వినడానికి నాకు లక్ష చెవులున్నాయా బాబాయ్?" అనేది గుండీలమ్మ. "పైగా ఫోన్ పాటకి పొట్టు రాలదు. రాలకుండా ఎలా ఉంటుంది? ఎక్కడో రాలుతుంది, మనకి చూపించరు. ఇదైతే పారేసేది కళ్ళ ముందే పారేస్తుంది."

పొట్టు సంగతి ఆ ఊళ్ళో అందరికీ తెలిసిందే. పాటని ఎంపీత్రీలోకి ఎక్కించిన రోజున దాని చిల్లులోంచి పొట్టు రాలుతుంది. అంత పెద్ద పాట అంత చిన్న డబ్బాలో పట్టాలంటే చెవికి ఆననివన్నీ రాలిపోవద్దూ మరి? బూడిద రంగులో, పిండికన్నా మెత్తగా ఉంటుంది. జనం దాన్ని కిటికీ గట్టు మీద దులిపేసేవారు. పిచ్చుకలు తినేవి. తిన్న పిచ్చుక ఆ పూటకి తన కూతలో ఎవరి దగ్గో, ఏ కుర్చీ కిర్రుమన్న చప్పుడో కలిపి కూసేది. ఎవరూ తలెత్తి చూసేవారు కాదు. పొట్టుకి ఆవిరి తగిలిస్తే అందులో ఉన్నది వినబడుతుంది కూడా. కాకపోతే ఒక్కసారే. ఆ తర్వాత తడిమరకే మిగులుతుంది.

గుండీలమ్మ మాత్రం తన పాట పొట్టుని దులపలేదు. ఇరవై రెండేళ్ళుగా గుండీల డబ్బా అడుగున, కాగితంలో మడిచి దాచుకుంది. ఎందుకంటే తన గొంతు అందులో ఉంది.

అప్పట్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి పాడేవాళ్ళు. చెల్లెలిది పై గొంతు, ఈవిడది అడుగు గొంతు. చెల్లెలి మొగుడికి రికార్డింగు కొట్టుండేది. మధ్యలో అద్దం, అటో మైకు, ఇటో మైకు పెట్టి ఇద్దరిచేతా పాడించాడు. పాట అవగానే గుండీలమ్మ కోట్లకి టైమైపోతోందని బస్సుకి పరిగెత్తింది. రెండ్రోజులయ్యాక మరిది ఆవిడ ముందే ప్లేయర్లోకి పాట ఎక్కించి చేతిలో పెట్టాడు. వింటే చెల్లెలి గొంతొక్కటే ఉంది.

"ఏం చెయ్యను వదినా, ఎంపీత్రీ సంగతి తెలుసుగా. చెవికి ఆనని గొంతుని ఉంచుకోదు. నీది పొట్టులో పోయింది," అన్నాడు మరిది. చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది.

బల్ల మీద రాలిన పొట్టునంతా గుండీలమ్మే చేతిరుమాల్లోకి ఎత్తుకుంది. దాన్నెందుకు అని మరిది నవ్వాడు. ఆ పాటతో చెల్లెలికి పేరొచ్చింది, టౌన్‌హాలు పాటబృందంలో ముందు వరసొచ్చింది. చెవికి ఆనని గొంతు నలుగురిలో ఎందుకని గుండీలమ్మ పాడటం మానేసింది. మరిది పోయి కూడా ఆరేళ్ళయింది. గుండీలమ్మ రోజూ ఆ పాట వినేది, పాట అయిపోయాక ఉండే ఆ కాస్త నిశ్శబ్దాన్నీ వదలకుండా వినేది. తన ముక్క ఏదైనా అక్కడ మిగిలిందేమోనని ఆశ.

అట్లా ఉండగా ఓ బుధవారం, బృందానికి కొత్తగా వచ్చిన పాటల మాస్టారు బృందం చొక్కాల కొలతలివ్వడానికి కార్ఖానాకి వచ్చాడు. గుండీలమ్మ చెవుల్లో పాట పెట్టుకుని, తనకి తెలియకుండానే కూనిరాగం తీస్తోంది. మాస్టారు కొలత టేపు మెళ్ళో ఉండగానే అటు నడిచాడు.

"ఆ పాటకి ఇట్లాంటి అడుగు గొంతు కోసమే నెల్నాళ్ళుగా వెతుకుతున్నానమ్మా. ఆదివారం హాల్లో రికార్డింగుంది. మీరు రావాలి."

గుండీలమ్మ ఆ సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసి ఆనందంగా చెప్పింది. చెల్లెలు వెంటనే అడ్డం పడింది.

"ఎందుకక్కా, ఈ వయసులో నలుగురూ నవ్వడానికి? ఆనే గొంతే అయితే ఆరోజే ఆనేది కదా. నీ మంచికే చెబుతున్నా."

మర్నాడు అన్నాల వేళకి కార్ఖానా ఖాళీ అయ్యింది. గుండీలమ్మ డబ్బాలోంచి కాగితం మడత తీసింది.

"బాబాయ్, ఆవిరి పెట్టు. నా గొంతు వింటాను. పనికొచ్చేదైతే ఆదివారం వెళ్తాను. కాకపోతే ఇక జన్మలో ఆ హాలు గుమ్మం తొక్కను."

"ఒక్కసారే తల్లీ. ఆలోచించుకో."

"ఇరవై రెండేళ్ళు ఆలోచించాను. పెట్టు."

బాబాయ్ ఇస్త్రీపెట్టెని పొట్టు మీద ఎత్తి పట్టుకుని ఆవిరి వదిలాడు. బుస్సుమంది. మొదట ఫ్యాను తిరిగిన చప్పుడు వచ్చింది. కుర్చీ కదిలింది. చెల్లెలు మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. గుండీలమ్మ చెవి ఆవిరి దగ్గరగా పెట్టి, తన గొంతు కోసం చూసింది. ఎంతసేపటికీ రాలేదు. పాటంత సేపూ గడిచిపోయింది. ఆ చివరి నిశ్శబ్దం వచ్చింది. అందులోంచి, చీమ నడిచినంత మెల్లగా, చెల్లెలి గొంతు.

"అక్క వెళ్ళిపోయిందా? దాని మైకులో పడిన గొంతు తీసేయండి. అది ఉంటే ఎవరూ నన్ను వినరు."

"తీసేస్తే ఏమని చెప్పను మీ అక్కకి?" మరిది గొంతు.

"ఎంపీత్రీ తినేసిందని చెప్పండి. నమ్ముతుంది. నేనేం చెప్పినా నమ్ముతుంది."

తర్వాత తడిమరక.

బాబాయ్ మడత పెట్టిన కోటునే మళ్ళీ విప్పి మడతపెట్టాడు. గుండీలమ్మ ఏడవలేదు. బల్ల దగ్గరకెళ్ళి పని మొదలుపెట్టింది. మూడు కోట్లు అయ్యాక చూసుకుంటే పన్నెండు గుండీలూ కాజాల వైపే కుట్టి ఉన్నాయి. బ్లేడు తీసుకుని ఒక్కొక్కటే ఊడదీసింది.

"నేను దీన్ని ఆడిపోసుకున్నాను బాబాయ్," అంది జేబు తడుముకుంటూ. "గొంతు తినేసిందని ఇన్నేళ్ళూ దీన్ని తిట్టుకుంటూనే విన్నాను. పాపం, ఇది పొట్టునే పారేసింది. పాటని పారేసింది నా తోడబుట్టింది."

ఆదివారం హాల్లో చెల్లెలు ముందు వరసలో నిలబడి ఉంది. అక్కని చూసి గబగబా ఎదురొచ్చింది.

"వద్దన్నాను కదక్కా! నీ గొంతు..."

"ఉందే. దాన్నెవరూ తినలేదంట. పొట్టుకి ఆవిరి పెట్టి విన్నాను. చివరిదాకా విన్నాను."

చెల్లెలి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మాస్టారు పిలిచాడు. గుండీలమ్మ వెళ్ళి వెనక వరసలో నిలబడింది. ఇద్దరూ పాడారు. చెల్లెలి పక్కనున్నాయన తన వంతు మర్చిపోయి వెనక్కి తిరిగి చూశాడు, అంత మాత్రం చెప్పగలను. పాటయ్యాక, మాస్టారు మెషిన్ ఆపేలోపు ఉన్న ఆ కాస్త నిశ్శబ్దంలో, చెల్లెలు తల తిప్పి పెదాలు కదిపింది. ఏమందో ఎవరి చెవికీ ఆనలేదు.

"రేపట్నించి ప్రతి సాయంత్రం రావాలమ్మా. ఆ వెనక చోటు మీదే," అన్నాడు మాస్టారు. ఆ కొత్త రికార్డింగుని ఆవిడ ప్లేయర్లోకి ఎక్కించి, రాలిన పొట్టుని కాగితంలో కట్టిచ్చాడు.

సోమవారం పొద్దున బాబాయ్ ఇస్త్రీపెట్టె వేడిచేసుకుని సిద్ధంగా ఉన్నాడు. "చెల్లెలు ఏదో అందన్నావుగా. పెట్టనా ఆవిరి?"

"వద్దు బాబాయ్."

కాగితం విప్పి కిటికీ గట్టు మీద దులిపేసింది. రెండు పిచ్చుకలు వచ్చి వాలాయి. గుండీలమ్మ తన బల్ల దగ్గరకొచ్చి కూర్చుని, చెవుల్లో గింజలు పెట్టుకుని, పాట మొదట్నుంచీ వింది. పైన చెల్లెలు, అడుగున తను. పాట అయిపోయింది. నిశ్శబ్దం రాబోతుంటే, ఇన్నేళ్ళలో మొదటిసారి, చెవుల్లోంచి గింజలు తీసి డబ్బాలో పడేసింది.

గట్టు మీద పిచ్చుక ఒకటి "అక్కా... అక్కా..." అంటూనే ఉంది. గుండీలమ్మ సూదిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని దారం ఎక్కించింది.