మీ నాన్న వేసిన ఏనుగు

పిల్లలకి వాళ్ళ నాన్న పేరున రాసే క్రిస్మస్ ఉత్తరంలో ఈసారి ఏ ఊరి బొమ్మ వెయ్యాలా అని బియ్యం ఏరుతూ ఆలోచిస్తున్నాను. మా ఆయన విజయ్ పాల్ మండపేట మిల్లులో లారీ తోలతారు. ఏడేళ్ళ కిందట పండక్కి ఇంటికి రాలేదు, ఫోనూ చెయ్యలేదు. మా పెద్దది ఆశాజ్యోతి జ్వరంలో నాన్నా నాన్నా అని ఏడుస్తుంటే చూడలేక, లేసు డిజైన్లు గీసుకునే కాగితం మీద లారీ వేసి, దాని నెత్తిన స్టారు కట్టి, కింద ‘మీ నాన్న’ అని రాసి, పోస్టులో వచ్చిందని చెప్పాను. చేతులారా చేసుకున్న తప్పు. అప్పట్నుంచి ఏటా ఒకటి. సేలం కొండలు, మదురై గోపురాలు, రోడ్డుకి అడ్డంగా ఏనుగులు. నరసాపురం రేవు దాటి ఎరగను గానీ, దేశమంతా తిరిగొచ్చినట్టే వేశాను.

“మావాడి చెయ్యి చిన్నప్పట్నుంచీ అంతే ప్రిస్కిల్లా” అంటారు మా అత్తగారు. ఆయన పెన్సిలు పట్టగా నేనెన్నడూ చూడలేదు. సండేస్కూల్లో ఆ ఉత్తరాలు గోడకంటించి, తండ్రి ప్రేమ ఇలా ఉంటుందని పాఠం చెప్పారు. ఆయన వచ్చినప్పుడు తలూపి ఆ పొగడ్తలన్నీ పుచ్చుకున్నారు. నిజం చెప్పేస్తానంటే, “పిల్లలకి నామీదున్న కాస్త గౌరవం కూడా తీసేస్తావేంటే?” అన్నారు. నాకు కుళ్ళే. చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

పక్కన కూర్చున్న ఆశకిప్పుడు పన్నెండేళ్ళు. “నాన్నకి ఇంత విద్య ఉంది. నీకు లేసు తప్ప ఏమీ రాదేంటమ్మా?” అంది. వెక్కిరింత కాదు, జాలి. అందుకే తట్టుకోలేకపోయాను.

“అవన్నీ వేసింది నేనే.”

“ఊరుకో అమ్మా.”

చేట పక్కన పెట్టి, పెన్ను తీసి, దాని కళ్ళముందే వేశాను. లారీ, స్టారు, తొండమెత్తిన ఏనుగు. ఒక్క గీతా తప్పలేదు. ఇక పిల్లకి తెలిసిపోతుంది, నన్ను పట్టుకుని ఏడుస్తుంది, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని అడిగితే ఏం చెప్పాలి అని కూడా అనుకున్నాను.

ఆశ లోపల్నుంచి ఏనుగులున్న పాత ఉత్తరం తెచ్చి, నా కాగితం పక్కన పెట్టి, రెండూ చాలాసేపు చూసింది.

“అచ్చం దించేశావమ్మా” అంది మెచ్చుకోలుగా. “ఇంకొంచెం నేర్చుకుంటే నాన్నలాగే వేస్తావు.”