చోప్ చేసిన బల్ల

సెలవుల్లో ఆఖరి రోజు ఎవ్వరూ కాలు కదపకూడదని కాత్యాయని ముందే శాసనం చేసింది. సింగపూర్‌లో ఏడాది పొడుగునా పరుగే పరుగు, ఆల్ప్స్ కొండల్లోకి వచ్చి కూడా పరుగెత్తాలా అని ఆమె వాదన. అందుకని మొగుడు పార్థసారథి, పిల్లలు లోహిత్, ప్రణవి పొద్దెక్కేదాకా దుప్పట్లలోనే ఉన్నారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, కిటికీలోంచి కనిపిస్తున్న ఆ కొండలు కరిగే రకంలా లేవు.

కూర్చుని తినాలంటే ఎవరో ఒకరు వండాలి కదా. ఆ ఎవరో పార్థసారథి అక్క వసుంధర. లోహిత్ పుట్టినప్పుడు నాలుగు నెలలు సాయం చేద్దామని, అనకాపల్లిలో టీచరు ఉద్యోగం మానుకుని సింగపూర్‌లో యీషున్ అనే పేటలోని తమ్ముడి ఫ్లాట్‌కి వచ్చింది. ఇప్పుడు లోహిత్‌కి మీసాలొస్తున్నాయి. ఆ నాలుగు నెలలు మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

స్విట్జర్లాండు ప్రయాణం అనుకున్నప్పుడు ఆమె అడిగిందల్లా ఒక్కటే, ఒక్కసారి మంచు ముట్టుకోవాలని. అనకాపల్లి ఎండల్లో పుట్టి, సింగపూర్ ఉక్కలో ముసలిదైపోతున్న మనిషి. ఫ్రిజ్జులో గీరిన మంచు తప్ప వేరే మంచు ఎరగదు. అయితే ఎండాకాలం కావడంతో ఊళ్ళో మంచు లేదు. కేబుల్ కారెక్కి కొండమీదికి వెళ్ళాలి. మిగతావాళ్ళు అప్పటికే వెళ్ళొచ్చారు. ఆమె వంతు వచ్చేసరికి ఒకరోజు ప్రణవికి జ్వరం, అత్త దగ్గరుండాలి. ఇంకోరోజు బట్టలుతికే మెషీన్ ఖాళీ దొరికింది, దానికీ అత్తే దగ్గరుండాలి.

పొద్దున ఉప్మా వడ్డిస్తూ ఆమె మళ్ళీ అడిగింది. పార్థసారథి ఫోన్లోంచి తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"ఇవాళ తీసుకెళ్తా అక్కా. పక్కా."

ఆ మాట నమ్మి వసుంధర మేజోళ్ళ మీద మేజోళ్ళు వేసుకుంది. చీర మీద లోహిత్ పాత జాకెట్ తొడుక్కుంది. కొండమీద ఎవరైనా అడుగుతారేమోనని చేతిసంచిలో పాస్‌పోర్టు పెట్టుకుంది. అందరికంటే ముందు తయారై బడికి వెళ్ళే పిల్లలా గుమ్మంలో నిలబడింది. ఆ వాలకం చూస్తే ఎవరికైనా ముందు నవ్వొచ్చేది, ఆ తర్వాత కడుపు తరుక్కుపోయేది. ఆ ఇంట్లో వాళ్ళకి నవ్వు మాత్రమే వచ్చింది.

దుప్పట్లలో పడుకుని విసుగెత్తి మిగతావాళ్ళు కూడా బయల్దేరారు. కేబుల్ కార్ స్టేషన్ పక్కనే ఒక హోటలుంది. బయట ఎండలో వేసిన బల్లలన్నీ జనంతో నిండిపోయాయి. ఒక్క బల్ల ఖాళీ కావడం కాత్యాయని కంటపడింది.

"వదినా, మీరు దీన్ని చోప్ చేసి కూర్చోండి. మేం టికెట్ల సంగతి చూసొస్తాం."

చోప్ అంటే సీటు పట్టి ఉంచడం. సింగపూర్‌లో వసుంధర నేర్చుకున్న మొదటి మాట అదే. బల్ల మీద టిష్యూ పాకెట్టో, గొడుగో, చేతిసంచో పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళ్తే, ఇంకెవరూ ఆ దరిదాపులకి రారు. యీషున్‌లో ప్రతి ఆదివారం బ్లాకు కింద తిండి దుకాణాలన్నీ ఉండే హాకర్ సెంటర్‌కి వసుంధరే ముందు దిగి బల్ల పట్టేది, తక్కినవాళ్ళు తీరిగ్గా దిగేవాళ్ళు. టిష్యూ పాకెట్టయితే గాలికి ఎగిరిపోతుంది, అత్తయితే ఎగరదని లోహిత్ జోకు. ఆ జోకుకి అందరికంటే ముందు వసుంధరే నవ్వేది.

ఎంతసేపైనా వాళ్ళు రాలేదు. వడ్డించే అమ్మాయి వచ్చి ఎవరైనా వస్తున్నారా అని అడిగితే, నా ఫ్యామిలీ వస్తోందని వసుంధర ఇంగ్లీషులో గర్వంగా చెప్పింది. అప్పుడు ఫోన్ మోగింది. గ్రూపులో ఒక ఫొటో. కొండమీద మోకాళ్ళ లోతు మంచులో నలుగురూ నవ్వుతున్నారు. కింద కాత్యాయని మెసేజ్. ఫ్యామిలీ పాస్‌లో నలుగురికే ఉందట. అక్క కోసం విడిగా టికెట్ కొనాలంటే క్యూ చాంతాడంత ఉందట. పిల్లలు ఆగలేదట. ఆకలితో దిగుతాం, టేబుల్ వదలొద్దు అని ముగించింది.

వసుంధర ఆ ఫొటోని పెద్దది చేసి చూసింది. మనుషుల్ని కాదు, మంచుని.

అంతలో ఒక కుక్క బల్ల పక్కనుంచి పరుగెత్తింది. దాని మూతి నిండా మంచు. అది వచ్చిన వైపు చూస్తే, స్టేషన్ గోడ వెనక నీడలో ఒక కుప్ప కనిపించింది. చలికాలంలో రోడ్ల మీంచి తోసిపోసిన మంచు ఇంకా కరగలేదు. మట్టీ మసీ పట్టి నల్లగా ఉంది. అయితేనేం, మంచే. కుక్కపాటి చెయ్యనా అనుకుంది వసుంధర.

బల్ల పోతే కాత్యాయని ఊరుకోదు. ఈ మంచు పోతే మళ్ళీ ఈ జన్మలో దొరకదు. ఆమె ఆలోచించి తనకి తెలిసిన పద్ధతే పాటించింది. బల్ల మీద టిష్యూ పాకెట్ పెట్టింది. ఫోన్ జాకెట్ జేబులో వేసుకుని, గాలి వీస్తోందని పక్కనే చేతిసంచి కూడా పెట్టింది. యీషున్‌లో ఇన్నేళ్ళూ అలా పెట్టిన సంచి ఒక్కసారీ పోలేదు.

కుప్పలోకి రెండు చేతులూ మణికట్ల దాకా దూర్చింది. చల్లగా ఉంటుందనుకుంది గానీ కాలినట్టయింది. పంచదారలా గరగరలాడింది. ఆమె ఒక్కతీ పైకే నవ్వేసింది. ఫొటో తియ్యలేదు, ఎవరికీ పంపలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత అచ్చంగా తనదైన సంతోషం అది.

తిరిగొచ్చేసరికి టిష్యూ పాకెట్ భద్రంగా ఉంది. సంచి లేదు.

కొండ దిగొచ్చిన పార్థసారథి సంచి ఎందుకు వదిలేశావని అడిగాడు. చోప్ చేశానురా అంది వసుంధర. లోహిత్ పగలబడి నవ్వి సింగపూర్ యాసలో అన్నాడు.

"అత్తా, దిసీజ్ నాట్ యీషున్ లా."

కాత్యాయని ముందుగా తన హ్యాండ్‌బ్యాగ్ తెరిచి చూసుకుని, గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మయ్య, ఫ్యామిలీ పాస్‌పోర్టులు నాలుగూ నా దగ్గరే ఉన్నాయి."

పోలీసు వచ్చి వివరాలు రాసుకుని వెళ్ళాడు. ఆ తర్వాత పార్థసారథి చాలా ఫోన్లు చేశాడు. వసుంధరది ఇండియా పాస్‌పోర్టు. కొత్త కాగితాల కోసం ఎంబసీ ఉన్న ఊరికి వెళ్ళాలి. ఇవాళ శుక్రవారం, వేళ మించిపోయింది, సోమవారం దాకా అది తెరవరు. విమానం రేపు పొద్దున. అతనికి సింగపూర్ రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో మీటింగు, పిల్లలకి స్కూలు. నలుగురిలో ఒకరు ఆగుదామన్న మాట ఎవరి నోటా రాలేదు.

ప్రణవి ఒక్కతే అడ్డుపడింది. అత్త రాకపోతే మనకి వంట ఎవరు చేస్తారని ఇంగ్లీషులో అడిగింది. కాత్యాయని ముఖం అప్పుడు వాడిపోయింది. పార్థసారథి ఫోన్ బల్ల మీద పెట్టాడు. టికెట్లు మార్చుకుందామా అన్నట్టు మొగుడూ పెళ్ళాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వసుంధరకి ప్రాణం లేచొచ్చింది.

కింద హాకర్ సెంటర్ ఉందిగా, ఒక వారం అక్కడే మకాన్ చేద్దామన్నాడు లోహిత్. తిండికి అక్కడ మకాన్ అంటారు. అందరి ముఖాలూ తేటపడ్డాయి. ఇంత చిన్న సంగతి తట్టలేదేమిటని కాత్యాయని నవ్వింది కూడా. కరివేపాకుని కూడా తినేటప్పుడే తీసి పారేస్తారు. వీళ్ళు అంతదాకా కూడా ఆగలేదు.

గది ఇంకో నాలుగు రోజులు ఉండేలా మాట్లాడతానని పార్థసారథి చెప్పాడు. రైలు ఎక్కడెక్కాలో, ఎక్కడ దిగాలో వాట్సాప్‌లో పంపుతానన్నాడు. ఏదైనా తేడా వస్తే తనే తిరిగొచ్చి తీసుకెళ్తానన్నాడు. మళ్ళీ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. వసుంధర ఎర్రగా కందిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని తమ్ముణ్ణే చూస్తూ కూర్చుంది.

"చోప్ చేసిన చోటికి పెట్టినవాళ్ళు తిరిగొస్తార్రా సారథీ. నువ్వొస్తావా?"

"వస్తానక్కా. పక్కా."

పొద్దున ఉప్మా తింటూ మంచు సంగతి చెప్పినప్పుడు కూడా ఆ మాట తలెత్తకుండానే అన్నాడు.