కిష్టమ్మ వంతు రొట్టె

మరిగిన నీళ్లు పోసి జొన్నపిండి కలుపుతోంది కిష్టమ్మ. చేతులు కాలవు. ఏళ్ల తరబడి కాలీ కాలీ మొద్దుబారాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో మూసిన షట్టర్ ముందు ఆమె పొయ్యి. సకల జనుల సమ్మె, బస్సుల్లేవు. ముద్దను పీట మీద పెట్టి తిప్పుతూ తడుతుంటే, ఆ చప్పుడు రోడ్డవతలికి వినిపిస్తోంది.

నల్లగొండ పల్లెలో జొన్న తింటే కూలోళ్లని వెక్కిరించారు. తెల్లబువ్వ తింటేనే మర్యాద. ఆ మర్యాద కోసం పట్నమొచ్చి, ఇన్నేళ్లూ కంట్రోలు బియ్యమే తిన్నది. షుగరొచ్చింది. వెక్కిరించిన వాళ్లకూ వచ్చింది. అట్లాంటి వాళ్లే ఇప్పుడు పట్నంలో డబ్బాలు పట్టుకుని ఈమె ముందు వరుస కడుతున్నారు.

"అన్నం మానెయ్. గోలీ వేసుకోగానే రొట్టె తిను," అన్నాడు దవాఖాన డాక్టరు. ఆర్నెల్లుగా అట్లాగే చేస్తోంది.

మధ్యాహ్నం గోలీ మింగి, గుడ్డలో దాచుకున్న ఆఖరి రొట్టె విప్పింది. అప్పుడొచ్చాడు వెంకట్రావు. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డు గుమస్తా. ఆయనకూ షుగరే. రోడ్డు మీది తెలంగాణ నినాదాల వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఇవాళ నాకూ ఇస్తావా, వెళ్లిపొమ్మంటావా?"

"షుగరుకు ఆంధ్రా, తెలంగాణ ఉంటదా సారూ? పట్టు."

"మరి నీకో?"

"ఇంకోటి చేసుకుంట. గదెంతసేపు?"

పొయ్యి దగ్గరికొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం ఆమెకు చేతకాదు. అదే ఆమె జబ్బు.

గిన్నె గీకితే పిడికెడు పిండి. నీళ్లు మళ్లీ కాగాలి. కట్టెలు పొగే తప్ప మంట ఇవ్వడం లేదు. మెడ వెంట చల్లటి చెమట దిగింది. చేతులు వణికాయి. పక్కన పూలమ్మే అరుణమ్మ చూసింది.

"అక్కా, గట్ల వణుకుతున్నవేంది? రోడ్డు మీద సమ్మెల వంటావార్పు అయితాంది. ఇంత బువ్వ తెస్త, తిను."

"నాకు బువ్వ బందు పెట్టిండ్రే. ఆర్నెల్లు నోరు కట్టుకున్న, ఇయ్యాల తప్పుతనా?"

అన్నం వద్దన్నవాడు, గోలీ మింగాక రొట్టె దొరక్కపోతే అన్నమైనా తినాలని చెప్పలేదు. చెప్పే తీరికెక్కడిది? దవాఖాన వాకిట్లో వందమంది రోగులు.

అయినా అరుణమ్మ పోయి ఆకులో అన్నం తెచ్చింది. అప్పటికి కిష్టమ్మ కాగీ కాగని నీళ్లతోనే పిండి కలిపి, రొట్టె సగం తట్టి ఆగిపోయింది. కిష్టమ్మ షట్టర్‌కు ఆనుకుని కళ్లు మూసుకుంది. కునుకనుకుని అరుణమ్మ ఆమె భుజం తట్టింది. తల పక్కకు వాలింది.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. అప్పటికే ఊపిరి లేదు.

పీట మీద, సగం తట్టిన చిన్న రొట్టె వేళ్ల గుర్తులతో అట్లాగే ఉంది. అంచులు ఎండకు పగులుతున్నాయి.